బైబిలు మూసి, ఇంగ్లీషు తెరిచి

జీతం లేకుండా ప్యాంగ్యాంగ్ వెళ్లి పాఠాలు చెప్పిన క్రైస్తవ వలంటీర్లకు అక్కడ ఒకే ఒక్క నిషేధం అన్నిటికన్నా పెద్దది. తమను అక్కడికి తెచ్చిన విశ్వాసం గురించి వారు పెదవి విప్పకూడదు.

జీతం లేదు. విమానం టిక్కెట్టు సొంత ఖర్చు. ఉండటానికి క్యాంపస్‌లోనే గది, తినటానికి విద్యార్థులతో పాటే క్యాంటీన్‌లో భోజనం. గేటు దాటాలంటే అనుమతి ఉండాలి, వెంట ప్రభుత్వం పంపిన మనిషి ఉండాలి. రేపు చెప్పబోయే పాఠం ఏమిటో ముందే చూపించి ఒప్పించుకోవాలి. సొంత ఊళ్లో ఆదివారం చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పే మనిషి ఇక్కడ తరగతి గదిలో దేవుడి ఊసే ఎత్తకూడదు.

ఇన్ని షరతులకు తలవంచి అంత దూరం వెళ్లేవాళ్లు ఉంటారా? ఉన్నారు, పదేళ్ల పాటు ప్రతి సెమిస్టర్‌కూ వెళ్లారు. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాల నుంచి రిటైరైన ప్రొఫెసర్లు, స్కూలు టీచర్లు, అప్పుడే డిగ్రీ పుచ్చుకున్న కుర్రాళ్లు, భార్యాభర్తలు కలిసి వెళ్లారు. కొందరు ఒక్క వేసవి ఉన్నారు, కొందరు ఏళ్ల తరబడి ఉండిపోయారు. వారి ఖర్చులను చాలావరకు స్వదేశంలోని చర్చిలు, స్నేహితులు భరించారు. వారు వెళ్లింది ఉత్తర కొరియా రాజధానిలోని ప్యాంగ్యాంగ్ యూనివర్సిటీ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీకి. పొడి అక్షరాల్లో పీయూఎస్‌టీ. 2010 అక్టోబరులో తరగతులు మొదలైన ఈ విశ్వవిద్యాలయాన్ని విదేశీ క్రైస్తవుల విరాళాలతో కట్టారు. బోధన అంతా ఇంగ్లీషులోనే. చదివేది పార్టీ పెద్దల, అధికారుల పిల్లలు. మతాన్ని ప్రమాదంగా చూసే ప్రభుత్వం, ఆ మతస్థులతోనే తన వారసులకు చదువు చెప్పించుకుందన్నమాట.

పైకి ఇది వింత బేరంలా కనిపిస్తుంది. నిజానికి మిషనరీ చదువుల చరిత్ర పొడుగునా జరిగిన బేరమే ఇది. ఇచ్చేవాడి మనసులో ఉన్నది సువార్త, పుచ్చుకునేవాడికి కావలసింది ఇంగ్లీషు. ఈ సంగతి బందరు వాళ్లకు బాగా తెలుసు. రాబర్ట్ నోబుల్ అనే ఇంగ్లీషు మిషనరీ 1843లో మచిలీపట్నంలో పెట్టిన బడికి అగ్రవర్ణాల కుటుంబాలు పిల్లలను పంపింది బైబిలు కోసం కాదు, కంపెనీ ప్రభుత్వ కొలువులకు దారి చూపే ఇంగ్లీషు కోసం. 1852లో విద్యార్థుల్లో ఇద్దరు మతం పుచ్చుకోగానే బడి దాదాపు ఖాళీ అయింది. కొన్నాళ్లకు మళ్లీ నిండింది. తెలుగునాట మిషన్ స్కూళ్లలో చదివిన లక్షలాది మంది ఉదయం ప్రార్థనకు పెదవులు కదిపి, గ్రామర్ పుస్తకం మాత్రం శ్రద్ధగా చదివి బయటపడ్డవాళ్లే. ప్యాంగ్యాంగ్‌లో తేడా ఏమిటంటే, ఆ పెదవులు కదపటం కూడా లేదు. బేరంలో ఒక పక్షం తన సరుకును మూట విప్పకుండానే పెట్టి ఉంచటానికి ఒప్పుకుంది.

తూర్పు జెరూసలేం

ప్యాంగ్యాంగ్‌కు క్రైస్తవ బడులు కొత్త కావు. ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాల్లో మిషనరీలు ఆ నగరాన్ని ‘తూర్పు జెరూసలేం’ అని పిలుచుకునేవారు. 1907లో అక్కడ మొదలైన మతోద్ధరణ ఉద్యమం కొరియా అంతటా పాకింది. అమెరికన్ ప్రెస్బిటేరియన్ మిషనరీ విలియం బేర్డ్ 1897లో తన ఇంట్లో కొద్దిమందితో మొదలుపెట్టిన తరగతి సూంగ్‌సిల్ పాఠశాలగా, కాలేజీగా ఎదిగింది. మిషనరీల పిల్లల కోసం అక్కడ విడిగా ఒక బోర్డింగ్ స్కూలు కూడా ఉండేది. ప్రపంచ ప్రసిద్ధ ప్రచారకుడు బిల్లీ గ్రాహం భార్య రూత్ చదివింది అందులోనే.

ఉత్తర కొరియా వ్యవస్థాపకుడు కిమ్ ఇల్ సుంగ్ తండ్రి కిమ్ హ్యాంగ్ జిక్ సూంగ్‌సిల్ విద్యార్థి. తల్లి కాంగ్ పాన్ సాక్ ప్రెస్బిటేరియన్ కుటుంబం ఆడపడుచు. మిషన్ బడిలో చదివినవాడి కొడుకు స్థాపించిన రాజ్యం తర్వాత చర్చిలనూ మిషన్ బడులనూ ఆనవాలు లేకుండా తుడిచేసింది. అయితే అసలు దెబ్బ అంతకుముందే జపాన్ వలస ప్రభుత్వం కొట్టింది. షింటో ఆలయాల ముందు విద్యార్థులు వంగి నమస్కరించాలన్న ఆజ్ఞను కాదన్న సూంగ్‌సిల్ 1938లో మూతపడింది. విశ్వాసం విషయంలో రాజీపడటం కన్నా బడి మూసుకోవటమే మేలని నాటి మిషనరీలు తేల్చుకున్నారు. డెబ్బై ఏళ్ల తర్వాత అదే నగరానికి వచ్చిన వారి వారసులు సరిగ్గా ఎదురు నిర్ణయం తీసుకున్నారు. విశ్వాసం గురించి నోరెత్తకపోయినా సరే, బడి ఉండాలి.

ఈ నిర్ణయం వెనక ఉన్న మనిషి జేమ్స్ చిన్‌క్యుంగ్ కిమ్. 1935లో పుట్టి, కొరియా యుద్ధంలో పదిహేనేళ్ల వయసుకే దక్షిణ సైన్యంలో చేరారు. తన దళంలో 800 మంది ఉంటే చివరికి మిగిలింది 17 మందేనని ఆయన చెప్పుకొన్నారు. తనకు శత్రువులుగా ఎదురైన చైనా, ఉత్తర కొరియాల కోసమే పనిచేస్తానని ఆ యుద్ధంలోనే మొక్కుకున్నానన్నది ఆయన మాట. యుద్ధం తర్వాత సియోల్‌లో తిరిగి తెరిచిన సూంగ్‌సిల్‌లోనే చదువుకున్నారు. అమెరికాలో ఫ్లోరిడాలో వ్యాపారం చేసి సంపాదించారు, ఆ దేశ పౌరుడయ్యారు. ఆ సొమ్ముతో, విరాళాలతో కొరియన్లు ఎక్కువగా ఉండే చైనాలోని యాన్‌జీ పట్నంలో 1990ల ఆరంభంలో ఒక విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టారు.

సరిహద్దు అవతల కరువు తాండవిస్తున్న రోజుల్లో సాయం పట్టుకుని ఉత్తర కొరియా వెళ్లివస్తుండేవారు. 1998లో అక్కడి అధికారులు ఆయన్ను గూఢచారి అంటూ పట్టుకుని నలభై రోజులకు పైగా నిర్బంధించారు. చంపేస్తారనే అనుకుని వీలునామా రాశారట. తన అవయవాలను ఉత్తర కొరియాలో వైద్య పరిశోధనకే ఇవ్వాలన్నది అందులో ఒక అంశం. చంపలేదు, వదిలేశారు. అంతకన్నా ఆశ్చర్యం, 2001లో అదే ప్రభుత్వం ఆయన్ను పిలిచి, చైనాలో కట్టిన లాంటిది మాకూ కట్టిపెట్టమంది. రాజధాని దక్షిణపు అంచున స్థలం ఇచ్చింది. నిర్మాణానికి 2002లో పునాది పడింది. డబ్బు చాలక, రాజకీయాలు కుదరక, ఇరు కొరియాల సంబంధాలు ఎప్పటికప్పుడు చెడుతూ ఉండటంతో తలుపులు తెరిచేసరికి ఎనిమిదేళ్లు పట్టింది.

పౌలు కుట్టిన గుడారాలు

మతప్రచారకులకు వీసా ఇవ్వని దేశానికి టీచరుగా వెళ్లటం ప్యాంగ్యాంగ్‌తో మొదలు కాలేదు. బైబిలులో అపొస్తలుడు పౌలు గుడారాలు కుట్టుకుని బతుకుతూ బోధ చేశాడు. అందుకే వృత్తి పేరుతో వెళ్లే ఇలాంటి వారిని మిషనరీ పరిభాషలో ‘టెంట్‌మేకర్’ అంటారు. ఇరవయ్యో శతాబ్ది చివర వారికి ఇంగ్లీషు బోధనను మించిన గుడారం దొరకలేదు. 1980లలో చైనా తలుపులు తెరిచి, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న ఏ మనిషైనా చాలునన్న స్థితిలో టీచర్ల కోసం వెతికినప్పుడు వెళ్లినవారిలో చర్చిలు పంపినవారు చాలామంది. కొందరు చెప్పకుండా వెళ్లారు. కొందరు చెప్పే వెళ్లారు. చైనా క్రైస్తవ నాయకుడు బిషప్ టింగ్ చొరవతో 1985లో నాన్‌జింగ్‌లో ఏర్పడిన అమిటీ ఫౌండేషన్ విదేశీ చర్చిల నుంచి టీచర్లను బహిరంగంగానే రప్పించి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలకు పంపింది. ప్రచారం చేయకూడదన్నది అక్కడా షరతే.

ఈ ఏర్పాటులో ఒక చిక్కు ఉంది. చర్చి వేదిక మీద విరాళం అడిగేటప్పుడు అది సేవ, సాక్ష్యం. వీసా దరఖాస్తులో అది ఇంగ్లీషు బోధన. ఒకే పనికి రెండు పేర్లు. రెండూ నిజమే కావచ్చు. కానీ ఏ పేరు ఎవరికి చెబుతున్నాం అన్నదగ్గర నిజాయితీ ప్రశ్న తలెత్తుతుంది. పీయూఎస్‌టీ పెద్దలు ఈ ప్రశ్నకు ఇచ్చిన సమాధానం సూటిగానే ఉంది. తాము క్రైస్తవులమని ఉత్తర కొరియాకు మొదటి రోజు నుంచీ తెలుసునని, ప్రచారం చేయబోమని మాటిచ్చామని, ఆ మాట నిలబెట్టుకుంటున్నామని. విద్యార్థులతో కలిసి తినటం, ఆడటం, ఓపిగ్గా చెప్పటం, అదే తాము చేయగల సాక్ష్యమని వారి భావన. విదేశీ అధ్యాపకులు తమ నివాసంలో తమలో తాము ఆదివారం ప్రార్థన చేసుకోవటానికి అడ్డు లేదు. గీత గది గుమ్మం దగ్గరుంది.

ఆ గీత దాటితే ఏమవుతుందో చూపించే ఉదాహరణలు క్యాంపస్ బయట ఉన్నాయి. జెఫ్రీ ఫౌల్ అనే అమెరికన్ పర్యాటకుడు 2014లో చాంగ్‌జిన్ నగరంలో నావికుల క్లబ్బులో ఒక బైబిలు వదిలివెళ్లాడు. దానికి దాదాపు ఆరు నెలలు నిర్బంధంలో గడిపాడు. పర్యాటక బృందాలను తీసుకువెళ్లిన మిషనరీ కెన్నెత్ బే 2012 నవంబరులో పట్టుబడి, పదిహేనేళ్ల కఠిన శిక్ష పడి, రెండేళ్ల తర్వాత 2014 నవంబరులో బయటపడ్డారు.

వ్యాసం అనే ప్రమాదం

తరగతి గదిలో ఏం జరిగిందో లోకానికి వివరంగా తెలిసింది ఒక అవిశ్వాసి వల్ల. కొరియన్ అమెరికన్ రచయిత్రి సుకీ కిమ్ 2011లో జులై నుంచి డిసెంబరు దాకా అక్కడ ఇంగ్లీషు చెప్పారు. క్రైస్తవ వలంటీర్లలో ఒకరిగా చేరారు కానీ ఆమెకు ఆ విశ్వాసం లేదు. పుస్తకం రాయాలన్న ఉద్దేశంతో వెళ్లారు. నోట్సును పెన్‌డ్రైవుల్లో దాచుకుని తెచ్చుకున్నారు. 2014లో వెలువడిన ఆమె పుస్తకం ‘వితౌట్ యూ, దేర్ ఈజ్ నో అస్’ విపరీతంగా చర్చకు వచ్చింది. విద్యార్థులు భోజనానికి బారులు తీరి కవాతు చేస్తూ పాడే, కిమ్ జోంగ్ ఇల్‌ను కీర్తించే పాటలో నుంచి వచ్చిందా పేరు.

ఆమె విద్యార్థులు 270 మంది దాకా, అందరూ మగపిల్లలు, ఇరవయ్యేళ్ల అటూ ఇటూ. ఆ ఏడాది దేశంలో మిగతా విశ్వవిద్యాలయాలను మూసి విద్యార్థులను నిర్మాణ పనులకు తోలారని, వీళ్లకు మాత్రం ఆ పని తప్పిందని ఆమె రాశారు. టై కట్టుకుని, టీచరు రాగానే లేచి నిలబడి, ఒక్క గొంతుతో పలకరించే పిల్లలు. మర్యాద, చురుకుదనం, చదువంటే ఆకలి. వీళ్లను ప్రేమించకుండా ఉండటం కష్టమని ఆమె పుస్తకంలో ప్రతి అధ్యాయం చెబుతుంది. అదే పుస్తకం వాళ్లు ఎంత తేలిగ్గా అబద్ధమాడతారో కూడా చెబుతుంది. ఐదో తరగతిలోనే కుందేలును క్లోనింగ్ చేశానని ఒకడు. వారాంతం ఎలా గడిచిందంటే స్నేహితులతో ఊళ్లో షికారు చేశామని మరొకడు, క్యాంపస్ నుంచి ఎవరూ కదల్లేదని టీచరుకు తెలిసినా. దేశీయ నెట్‌వర్కునే ఇంటర్నెట్ అనుకునేవాళ్లు కంప్యూటర్ కోర్సు చదువుతున్నారు. అది అబద్ధమా, అజ్ఞానమా, భయమా అని విడదీయటం టీచరుకు సాధ్యం కాలేదు.

ఇంగ్లీషు పాఠం నిజంగా పదునెక్కింది వ్యాసం దగ్గర. మనకు పదో తరగతి నుంచీ అలవాటైన సరుకే. ఒక అభిప్రాయం చెప్పు, దానికి ఆధారాలు చూపించు, ఎదుటివాడు ఏమంటాడో ఆలోచించు, ముగించు. ఆ కుర్రాళ్లకు ఇది పరీక్షలన్నిటిలో కొరుకుడుపడనిదైంది. వాళ్లకు తెలిసిన రాత అంతా నాయకుడి ఘనతతో మొదలై నాయకుడి ఘనతతో ముగిసేది. అందులో ఆధారం అవసరం లేదు, ఎదురువాదానికి చోటు లేదు. ‘నా అభిప్రాయం’ అన్న మాట వ్యాకరణపరంగా వాళ్లకు వచ్చు. దాని తర్వాత ఏం రాయాలో తెలియదు. ఇంగ్లీషులో వాక్యం తప్పు రాస్తే మార్కులు పోతాయి. కానీ వ్యాసం సరిగ్గా రాస్తే పోయేది అంతకన్నా పెద్దది కావచ్చు. ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండే జంటలుగా వాళ్లను విడదీసి పెట్టారని, వారం వారం ఆత్మవిమర్శ సమావేశాలు జరిగేవని కూడా ఆమె రాశారు.

ఉత్తరాలు రాయమన్నప్పుడు కొంత తలుపు తెరుచుకుంది. పోస్టు చేయనవసరం లేని ఉత్తరం కాబట్టి కావచ్చు. అమ్మ మీద బెంగ, స్నేహితురాలి ఊసు, ప్రతి రోజూ నిన్నటిలాగే ఉండటం వల్ల వచ్చిన విసుగు కాగితం మీదికి వచ్చాయి. నేర్చుకుంటున్న పరాయి భాషలో మనిషి కొన్నిసార్లు తన భాషలో అనలేని మాట అనేస్తాడు. మన బడుల్లో ఇంగ్లీషు పద్యం వంకతో ప్రేమ సంగతులు రాసుకున్న తరాలకు ఇది వివరించనక్కర్లేదు. సువార్త ప్రసక్తి లేకుండానే, ఒట్టి భాష బోధన ఆ గదిలో చేయగలిగిన పని అది. పాఠాలను తనిఖీ చేసే అధికారులు బైబిలు కోసం వెతుకుతూ వ్యాసాన్ని వదిలేశారనిపిస్తుంది.

ఆంక్షలు ఒకవైపు నుంచే రాలేదు. హ్యారీ పోటర్ సినిమా చూపించాలని సుకీ కిమ్ అనుకున్నప్పుడు మండిపడింది తోటి మిషనరీ అధ్యాపకుల్లో ఒకరు. మంత్రాలూ మాయలూ ఉన్న సినిమా క్రైస్తవులు చూపించదగ్గది కాదన్నది అభ్యంతరం. దేశం పేరిట ఒక కట్టుబాటు, దేవుడి పేరిట మరొకటి. రెంటి మధ్య నిలబడ్డ విద్యార్థికి రెండూ కనిపించని గోడలే. రెంటినీ ఒకే గాటన కట్టిన సుకీ కిమ్ తీర్పు మాత్రం అతిగా అనిపిస్తుంది. ఒకచోట మాట జారితే దక్కేది మందలింపు, మరోచోట జైలు. మిషనరీకి ఇంటికి వెళ్లిపోయే విమానం ఉంది, విద్యార్థికి లేదు.

పుస్తకం బయటికి వచ్చాక జేమ్స్ కిమ్, సహచరులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. రాయనని మాటిచ్చి తప్పిందని, దీనివల్ల విశ్వవిద్యాలయానికీ విద్యార్థులకూ ముప్పు వస్తుందని వారి ఆరోపణ. విద్యార్థులను గుర్తుపట్టే వీల్లేకుండా పేర్లు, వివరాలు మార్చానని, లోపలికి వెళ్లకుండా అక్కడి నిజం రాయటం సాధ్యం కాదని ఆమె జవాబు. ఈ తగాదాలో ఇరుపక్షాలూ ఒక విషయం గమనించినట్టు లేదు. అసలు ఉద్దేశం దాచుకుని, ఇంగ్లీషు టీచరు వేషంలో మూసిన దేశంలోకి వెళ్లటం అనే పద్ధతి ఆమె కనిపెట్టింది కాదు. అది మిషనరీలు దశాబ్దాలుగా వేరే దేశాల్లో వాడిన దారే. పీయూఎస్‌టీ వాళ్లు తాము ఆ దారి తొక్కలేదని చెప్పుకోవచ్చు. ఆమె తొక్కింది.

ఎవరి కోసం?

వలంటీర్ల మంచితనాన్ని శంకించనివారు కూడా అడిగే ప్రశ్న వేరు. కరువులో పిల్లలు చచ్చిపోయిన దేశంలో, అందరికన్నా తిండికి లోటులేని ఇళ్ల పిల్లలకు ఉచితంగా నాణ్యమైన ఇంగ్లీషు, కంప్యూటర్ సైన్సు, వాణిజ్యం నేర్పటం ఎవరికి మేలు? రేపు ప్రభుత్వాన్ని నడిపేది వాళ్లే కాబట్టి బయటి మనుషులను ఒకసారైనా దగ్గరగా చూసి ఉండటం మంచిదని ఒక వాదన. బ్రిటన్ ప్రభువుల సభ సభ్యుడు డేవిడ్ ఆల్టన్ లాంటి మద్దతుదారులు చెప్పేదదే. కొందరు విద్యార్థులు పైచదువులకు బ్రిటన్ దాకా వెళ్లారు కూడా. రేపు ఆ ప్రభుత్వానికి సైబర్ దాడులు చేసేదీ, ఆంక్షలను తప్పించుకునే లావాదేవీలు నడిపేదీ ఆ చదువుతోనే కావచ్చన్నది ఎదురువాదం. దీనికి రుజువులు ఎవరూ చూపలేదు. అయినా అనుమానం పోలేదు. ఉత్తర కొరియాతో శాస్త్ర సాంకేతిక సహకారాన్ని నిలిపివేయాలంటూ ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2016 నవంబరులో చేసిన 2321వ తీర్మానంతో ఏ కోర్సు నడపవచ్చో ఏది కూడదో చూసుకోవలసిన పరిస్థితి వచ్చింది.

ఈ ఇరకాటం క్రైస్తవ వలంటీర్లది మాత్రమే కాదు. డెహ్రాడూన్‌లోని ఐక్యరాజ్యసమితి అనుబంధ అంతరిక్ష శిక్షణ కేంద్రంలో ఉత్తర కొరియన్లు ఏళ్లుగా చదువుకున్న సంగతిని 2016లో సమితి నిపుణుల కమిటీ వేలెత్తి చూపింది. ఆ తర్వాత మన ప్రభుత్వమూ వారిని చేర్చుకోవటం మానుకోవలసి వచ్చింది. ఇక ఇంగ్లీషు సంగతికి వస్తే, బ్రిటిష్ కౌన్సిల్ 2000 సంవత్సరం నుంచి 2017 దాకా ప్యాంగ్యాంగ్‌లో ఇంగ్లీషు టీచర్లకు శిక్షణ ఇచ్చింది. అది మతంతో సంబంధం లేని, జీతం తీసుకునే నిపుణుల పని. పిల్లలకు నేరుగా చెప్పటం కాకుండా పిల్లలకు చెప్పే టీచర్లను తయారుచేయటం దాని పద్ధతి. బోధనగా చూస్తే ఇదే ఎక్కువ కాలం నిలిచే పద్ధతి. పీయూఎస్‌టీలోలా వచ్చి పోయే వలంటీర్లతో ఉచ్చారణ బాగుపడుతుంది, జంకు పోతుంది. సెమిస్టర్ మారగానే టీచరూ మారిపోతాడు. ప్రపంచంలో ఎక్కడి మిషన్ స్కూల్లోనైనా వలంటీరు ఇంగ్లీషు మీద ఉన్న ఫిర్యాదే ఇది. కాకపోతే వలంటీరు దగ్గర జీతగాడి దగ్గర లేనిదొకటి ఉంది. రోజుకు మూడు పూటలా అదే బల్ల దగ్గర కూర్చుని అన్నం తినేంత తీరిక.

2017 వేసవి

ఇన్నేళ్లూ నిలబెట్టుకున్న మౌనం కూడా రక్షణ కాలేకపోయింది. 2017 ఏప్రిల్ 22న టోనీ కిమ్ అనే కొరియన్ అమెరికన్ ప్యాంగ్యాంగ్ విమానాశ్రయంలో అరెస్టయ్యారు. పీయూఎస్‌టీలో కొన్ని వారాలు అకౌంటింగ్ చెప్పి భార్యతో కలిసి తిరుగు ప్రయాణమైన మనిషి. రెండు వారాల తర్వాత మే 6న అక్కడే వ్యవసాయ పరిశోధన చూస్తున్న కిమ్ హాక్ సాంగ్‌ను పట్టుకున్నారు. ఇద్దరి మీదా మోపింది రాజ్యానికి వ్యతిరేకమైన చర్యలన్న ఆరోపణే. అరెస్టులకు తమ పనితో సంబంధం లేదని విశ్వవిద్యాలయం ప్రకటించింది. తరగతులు ఆగలేదు.

అదే జూన్‌లో ఓటో వాంబియర్ అనే అమెరికన్ విద్యార్థి ఉత్తర కొరియా నిర్బంధం నుంచి స్పృహలేని స్థితిలో ఇంటికి చేరి కొద్ది రోజులకే చనిపోయాడు. అమెరికాలో ఆగ్రహం కట్టలు తెంచుకుంది. 2017 సెప్టెంబరు 1 నుంచి అమెరికన్ పాస్‌పోర్టుతో ఉత్తర కొరియా వెళ్లటాన్ని ఆ దేశ ప్రభుత్వం నిషేధించింది. ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప వెళ్లకూడదు. విదేశీ సిబ్బందిలో దాదాపు సగం మంది అమెరికన్లే అయిన పీయూఎస్‌టీకి ఇది ఉత్తర కొరియా పోలీసులు కొట్టిన దెబ్బ కన్నా పెద్దది. ఆ శరదృతువు సెమిస్టర్ అమెరికన్లు లేకుండానే మొదలైంది. ఉన్న కొద్దిమంది బ్రిటిష్, ఇతర దేశాల అధ్యాపకులు ఎక్కువ క్లాసులు తలకెత్తుకున్నారు. ఆ నిషేధాన్ని అమెరికా ఆ తర్వాత ఏటా పొడిగిస్తూ వచ్చింది.

టోనీ కిమ్, కిమ్ హాక్ సాంగ్, మరో అమెరికన్ కిమ్ డాంగ్ చుల్ 2018 మే 9న అమెరికా విదేశాంగ మంత్రి మైక్ పాంపియో విమానంలో బయటపడ్డారు. సింగపూర్‌లో ట్రంప్, కిమ్ జోంగ్ ఉన్ కలుసుకోవటానికి నెల ముందు చూపిన సౌజన్యం అది. అర్ధరాత్రి దాటాక వాషింగ్టన్ దగ్గర సైనిక విమానాశ్రయంలో అధ్యక్షుడే ఎదురెళ్లి స్వాగతం చెప్పారు. ఒక ఏడాదికి పైగా జైల్లో గడిపిన పంతులు, ఇద్దరు దేశాధినేతల బేరంలో కానుకగా ఇంటికి చేరారు. ఇంగ్లీషు చెప్పటానికో, లెక్కలు చెప్పటానికో దరఖాస్తు నింపేటప్పుడు ఈ సంభావ్యతను ఎవరూ ఊహించి ఉండరు. లేదా ఊహించే వెళ్లారేమో. ఇలా వెళ్లేవారి విషయంలో ఆ రెండో మాటను కొట్టిపారేయలేం.

తలుపులకు చివరి గడియ రాజకీయం పెట్టలేదు. 2020 జనవరిలో కరోనా భయంతో ఉత్తర కొరియా అందరికన్నా ముందు సరిహద్దులు మూసుకుంది. రాయబార కార్యాలయాలు, సహాయ సంస్థలు ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యాయి. సెలవులకని బయటికి వచ్చిన పీయూఎస్‌టీ విదేశీ అధ్యాపకులు వెనక్కి వెళ్లలేకపోయారు. దూరం నుంచే పాఠాలు పంపే ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది. 2011లో సుకీ కిమ్ తరగతిలో వ్యాసం రాయలేక తల పట్టుకున్న కుర్రాళ్లు ఈపాటికి ముప్ఫైలు దాటి ఉంటారు. మంత్రిత్వ శాఖల్లోనో, విదేశీ వాణిజ్య సంస్థల్లోనో, దౌత్య కార్యాలయాల్లోనో ఉండాల్సిన వయసు. క్యాంటీన్ బల్లలు ఉన్నచోటే ఉన్నాయి. ఎదురుగా కూర్చుని తప్పులు దిద్దే మనిషి లేడు.